మా ఇంట్లో పాలేరు కుదిరిన ఉగాది

ఫాల్గుణం సగం దాటిందంటే మా ఊళ్ళో ఆసాములందరికీ ఒకటే టెన్షన్. పాలేరు ఉంటాడా, మారతాడా?

జీతం ఉగాది నుంచి ఉగాదికి. మధ్యలో మానేయడం ఉండదు, మాన్పించడమూ ఉండదు. జబ్బు చేసినా, ఇంట్లో పెళ్ళయినా, మానిన రోజులు నాగా కింద పడేవి. ఏడాది నిండాక ఆ రోజులు చేసిపెట్టి మరీ పోవాలి. అందుకని పండగ ముందు ఇరవై రోజులూ ఊరంతా గుసగుసలే. ఎవరి పాలేరుని ఎవరు లాగుతున్నారు, ఎవరు బస్తా ఎక్కువ ఇస్తామన్నారు. రావిచెట్టు కింద మాట్లాడుకుంటున్న ఇద్దరు, మూడో ఆయన రాగానే వానల గురించి మొదలుపెట్టేవాళ్ళు. మార్చి నెలలో!

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా మేనల్లుడు ఫోన్లో ఒక వీడియో చూపించాడు. బ్రెజిల్‌లో ఎక్కడో, కనుచూపు మేర తెల్లటి గొడ్లు. అవే మూపురాలు, అవే గంగడోళ్ళు. మన ఒంగోలు జాతినే అక్కడ నెల్లూరు పేరు మీద నెలోర్ అంటారు. మన దగ్గర్నుంచి ఓడలెక్కి వెళ్ళిన వాటి సంతానం ఇప్పుడక్కడ కోట్లలో ఉంది. ఒంగోలు పక్కనున్న కరవది పేరుతో ఏకంగా ఒక గిత్త వంశమే నడుస్తోంది. వీడియోలో గుర్రం మీద ఒక మనిషి ఆ మందనంతా ఒక్కడే తోలుకుపోతున్నాడు. “చూడు మావయ్యా, అన్ని గొడ్లకి ఒక్కడే పాలేరు” అన్నాడు మావాడు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాడికి ఆ మాట ఎట్లా తెలుసో మరి.

ఆ రాత్రి అలమరలోంచి తాత పద్దు పుస్తకం బయటికి తీశాను. పోయిన సంక్రాంతికి ఊరెళ్ళి అటక దులుపుతుంటే దొరికింది. ఎర్ర గుడ్డ అట్ట, పొడుగు కాగితాలు. తెచ్చానే కానీ అప్పటిదాకా విప్పింది లేదు. అందులో ‘దుందుభి’ అని తలకట్టు పెట్టిన పేజీ ఒకటుంది. 1982 ఉగాది నుంచి 1983 ఉగాది దాకా. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.

మాది అద్దంకి దగ్గర, గుండ్లకమ్మకి కాస్త ఇవతల ఊరు. రెండు అరకల వ్యవసాయం. సాగర్ కాలువ కింద మూడెకరాల మాగాణి, మిగతాదంతా రేగడి మెట్ట. మెట్టలో పొగాకు, జొన్న, కంది. పొగాకు కాల్చుకోవడానికి ఒక బ్యారన్. సావిడిలో నాలుగు ఎడ్లు, రెండు ఆవులు, ఒక బర్రె, ఎప్పుడూ ఒకటో రెండో దూడలు. బర్రె తప్ప అన్నీ ఒంగోలు జాతే.

తొమ్మిదేళ్ళు మా ఇంట్లో చేసిన పాలేరు ఆ ఏడు మానుకున్నాడు. ఎందుకంటే మా ఇంట్లో మూడు రకాలుగా చెప్పేవాళ్ళు. తాత లెక్కలో, పక్క బజారు ఆసామి రెండు బస్తాలు ఎక్కువ పెట్టాడు. నాన్న లెక్కలో, బ్యారన్ దగ్గర రాత్రిళ్ళు మేలుకోవడం వాడికి పడలేదు. నాయనమ్మ మాత్రం చిన్నాన్న చెయ్యి చేసుకోబట్టే పోయాడనేది. చిన్నాన్న ఇంట్లో లేనప్పుడు అనేది.

ఉగాది ఇంకా మూడు రోజులుందనగా ఎడ్ల బేరగాడొకాయన ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. ఏటి అవతల ఊరట. నలభై ఏళ్ళుంటాయి. మోకాళ్ళ పైకి కట్టిన పంచె, భుజాన తువ్వాలు. మా వీధి గుమ్మం ఇంకా పదడుగులు ఉందనగానే చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నాడు.

పేరు రాయను. పిల్లలు ఆ చుట్టుపక్కలే ఉన్నారు. అప్పుడు మా ఇంటిల్లిపాదీ ‘వాడు’ అనే అన్నాం, తొమ్మిదేళ్ళ నాతో సహా. ఇప్పుడు రాస్తుంటే ‘ఆయన’ అని రాయాలనిపిస్తోంది, కానీ అట్లా రాస్తే మేమేదో అప్పుడు కూడా మర్యాదగానే ఉన్నట్టు ఉంటుంది. మధ్యస్తంగా ‘అతను’ అని రాస్తున్నాను.

బేరగాడికి మనిషిని చూపించినా నోట్లోంచి ఎడ్ల భాషే వచ్చేది. “కడపళ్ళు వచ్చిన మనిషి పెద్దయ్యా, పదేళ్ళ దాకా ఢోకా లేదు. తన్నేది పొడిచేది లేదు” అన్నాడు. తాత నవ్వాడు. అతను నవ్వలేదు. “గొడ్లని చూడొచ్చా?” అని అడిగాడు.

జీతానికి వచ్చినవాడు ముందు ఆసామితో మాట్లాడాలి కదా. తాత మొహంలో అది కనిపించింది. అయినా సరేనన్నాడు. నేను వెనకాలే పరిగెత్తాను.

సావిడిలోకి పోగానే అతను ఎడ్ల దగ్గరికి పోలేదు. ముందు గాడిలో చెయ్యిపెట్టి అడుగున మిగిలిన చొప్ప తీసి వాసన చూశాడు. కుడితి తొట్టిలో వేలు ముంచాడు. నేల మీద చెమ్మ ఎటు పోతుందో చూశాడు. అప్పుడు పెద్దెద్దు దగ్గరికి వెళ్ళి, గంగడోలు కింద గోకుతూ గోకుతూ, చెయ్యి మెల్లగా మెడ మీదికి తెచ్చాడు. అక్కడ అరచేయంత మేర వెంట్రుక పోయి, ఎర్రగా, మధ్యలో పచ్చి పుండు. దాని చుట్టూ వేళ్ళతో నొక్కుతున్నాడు. ఎద్దు చర్మం ఝల్లుమని వణికింది కానీ మనిషిని విదిలించలేదు. పుండు మీద వాలుతున్న ఈగల్ని తువ్వాలుతో కొట్టి, మూలనున్న కాడి తీసుకుని, ఒక కన్ను మూసి, ఈ కొస నుంచి ఆ కొసకి చూశాడు.

వసారాలోకి వచ్చి తాతతో అన్నాడు. “కాడిమాను ఒరిగింది పెద్దయ్యా. బరువంతా ఒక ఎద్దు మీదే పడుతుంది. వడ్లాయనకిచ్చి చెక్కించాల. పుండు మానిందాకా ఆ ఎద్దుని కట్టకూడదు.”

“ఎన్నాళ్ళు?”

“నెల.”

ఎండాకాలం, దుక్కులు దున్నే రోజులు. నెలరోజులు ఒక అరక ఆగిపోవాలి. చిన్నాన్న ఏదో అనబోతే తాత చెయ్యెత్తి ఆపాడు. నాకిప్పుడు అనిపిస్తుంది, ఆ సాయంత్రం పరీక్ష జరిగింది అతనికి కాదు, మాకు. కాడి చెక్కిస్తామా లేదా అన్నదాన్ని బట్టి అతను కుదరడమో, చెప్పులు పట్టుకుని వచ్చినదారినే పోవడమో చేసేవాడు.

తర్వాత బేరం. పద్దు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తాను. వడ్లు పద్నాలుగు బస్తాలు. పంచెలు రెండు. తువ్వాళ్ళు రెండు. దుప్పటి ఒకటి. కిర్రు చెప్పులు జత. చుట్టలకి పొగాకు. బయానా నూటపదహార్లు. పూట పూటా తిండి మా ఇంట్లోనే కాబట్టి అది రాయలేదు.

ఈ బయానా అన్నమాట వినడానికి ముచ్చటగానే ఉంటుంది. మా తాత తండ్రి కాలంలో ఇట్లాంటి బాకీ కిందే తండ్రి తర్వాత కొడుకు పనికి వచ్చేవాడట. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చాక ఆ కాగితాలకి విలువ పోయింది. అయినా బయానా లేకుండా ఎవరూ కుదిరేవాళ్ళు కాదు, ఇచ్చినవాడి చేతిలో ఎంతోకొంత పగ్గం ఉండేది. నాకు ఇదంతా తెలిసింది పెద్దయ్యాకే.

అన్నీ అయ్యాక అతను ఒకటే మాటన్నాడు. “శివరాత్రికి కోటప్పకొండ పోవాల. మొక్కుంది. రెండు రోజులు.”

“బ్యారన్ కాలే రోజుల్లోనా?” అన్నాడు నాన్న.

“అప్పుడు చూద్దాంలే” అన్నాడు తాత.

కుదిరింది. నాయనమ్మ లోపలికి వెళ్ళి, కొత్తగా కొన్న సత్తు పళ్ళెం, సత్తు గ్లాసు తెచ్చి వసారా చివర పెట్టింది. పాతవాడివి పాతవాడితోనే పోయాయి. అన్నం పెట్టింది, పప్పు, గోంగూర, మజ్జిగ. అతను తిని, తొట్టి దగ్గర పళ్ళెం కడిగి, ఎవరూ చెప్పకుండానే పళ్ళెం, గ్లాసు రెండూ తీసుకెళ్ళి సావిడి చూరులో దోపాడు. ఎక్కడ దోపాలో అతనికి తెలుసు. మా ఇంటికి రావడం అదే మొదటిసారి.

మా బళ్ళో ఒకసారి జిల్లాలో నదులు చెప్పించారు. గుండ్లకమ్మ, ముసి, పాలేరు, మన్నేరు. ‘పాలేరు’ అనగానే క్లాసంతా నవ్వింది. పాలేళ్ళ పిల్లలు కూడా నవ్వారు.

ఆ ఉగాది వెళ్ళిన మూడు నాలుగు రోజులకే హైదరాబాద్‌లో ఎన్టీఆర్ పార్టీ పెట్టారు. ఇక ఆ ఏడాదంతా మా ఊళ్ళో ఇంకో ముచ్చట లేదు. చిన్నాన్న ఏ ఊళ్ళో మీటింగ్ ఉంటే ఆ ఊరు పోయేవాడు. రెండో అరక కట్టాల్సింది ఆయనే. దాంతో ఆ పని కూడా చాలాసార్లు అతని మీదే పడింది. మరుసటేడు కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక నాయనమ్మ “ఇక పాలేళ్ళు దొరికినట్టే” అని మెటికలు విరిచేది. అన్నం ఇంకోచోట దొరికితే మనింటికి ఎందుకొస్తారు అన్నది ఆమెకి అందరికంటే ముందు అర్థమైంది.

కాడి చెక్కించారు. ఎద్దు పుండు మానడానికి నెల కాదు, నలభై రోజులు పట్టింది. రోజూ పొద్దున వేపాకు కాచిన నీళ్ళతో కడిగి, పసుపూ నూనే రాసేవాడు. ఉలవలు ఉడకబెట్టినప్పుడు ముందు దానికే పెట్టేవాడు. నేను గుగ్గిళ్ళు ఒక దోసెడు జేబులో వేసుకునేవాణ్ణి. చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

అన్నిటికన్నా నాకు గుర్తుండిపోయింది బ్యారన్ రాత్రిళ్ళు. సంక్రాంతి దాటాక ఆకు కొట్టడం ఊపందుకుంటుంది. పచ్చాకు కర్రలకి అల్లి, బ్యారన్ లోపల అంచెలంచెలుగా వేలాడదీసి, తలుపులు మూసి, కింద పొయ్యి రాజేస్తారు. అక్కడ్నుంచి ఐదారు రోజులు మంట ఆరకూడదు, హెచ్చకూడదు. ముందు సన్న సెగ మీద ఆకు పసుపెక్కాలి. తర్వాత ఆకు ఆరాలి. చివరికి ఈనె ఆరాలి. తొందరపడితే ఆకు కమిలిపోతుంది, ఏడాది కష్టం ఒక్క రాత్రిలో నల్లబడుతుంది. లోపల థర్మామీటర్ వేలాడేది, చిన్న అద్దాల కిటికీలోంచి లాంతరు పెట్టి చూడాలి. ఫారన్‌హీట్ లెక్కలో తొంభైల్లో మొదలై నూట అరవై దాకా పోవాలి.

అతనికి నోట్లు తెలుసు, బస్సు మీది ఊరి పేరు ఆనవాలు పట్టేవాడు, కానీ ఆ సన్నటి పాదరసం గీత ఎక్కడుందో చదవడం రాదు. వాసన బట్టి చెప్పేవాడు. చాలాసార్లు కరెక్టే. ఒకసారి జలుబు చేసి వాసన తెలియక, ఒక కాల్పు సగం చెడిపోయింది. ఇంట్లో రెండు రోజులు ఎవరూ ఎవరితో మాట్లాడలేదు. మూడో రోజు రాత్రి అతను నన్ను బ్యారన్ దగ్గరికి పిలిచి, “చిన్నయ్యా, ఆ అంకెలు నాక్కూడా చెప్పండి” అన్నాడు.

పొయ్యి ముందు బూడిదలో పుల్లతో అంకెలు రాసి చూపించాను. తొమ్మిది తిరగేసి రాసేవాడు. రెండు రాత్రుల్లో వచ్చేసింది. మూడో రాత్రి లాంతరెత్తి చూసి “నూట పన్నెండు” అన్నాడు. నేను కూడా ఎక్కి చూశాను, నూట పన్నెండే. “మీకు మీ మాస్టారు ఎన్ని దెబ్బలు కొడితే వచ్చింది చిన్నయ్యా ఇది?” అని అడిగాడు. నేను లెక్కబెట్టి చెబితే, నిప్పుల్లోంచి చిలగడదుంప ఒకటి లాగి, ఊది, తొక్కు తీసి నా చేతిలో పెట్టాడు. “నాకయితే దుంపలతో సరిపోయింది” అన్నాడు.

నలభై దాటిన మనిషి నన్ను మీరు అనేవాడు. నేను అతన్ని నువ్వు అనేవాణ్ణి. అదేమీ వింతగా అనిపించలేదు.

శివరాత్రి వచ్చింది. బ్యారన్ నిండా ఆకుంది. నాన్న ససేమిరా అన్నాడు. అప్పుడు నాయనమ్మ కలగజేసుకుంది. అంతకు ముందేడు నాకు కామెర్లొచ్చినప్పుడు, తగ్గితే కొండ మీద తలనీలాలు ఇప్పిస్తానని ఆమె మొక్కుకుని ఉంది. అందరికీ బ్యారన్ పనే. “వాడెట్లాగూ పోతానంటున్నాడుగా, పిల్లాణ్ణి కూడా తీసుకుపోయి గుండు చేయించుకొస్తాడు” అంది. దాంతో సమస్య తీరిపోయింది.

చిలకలూరిపేట దాకా ఒక బస్సు, అక్కడ్నుంచి తిరునాళ్ళ బస్సు. కిటికీలోంచి జనాన్ని ఎక్కిస్తున్నారు, నన్ను కూడా అట్లాగే ఎక్కించాడు. కొండ కనిపించగానే బస్సంతా ఒక్కసారి “చేదుకో కోటయ్యా” అని అరిచింది. నాకు ఒళ్ళు జలదరించింది. మెట్ల దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. నన్ను భుజాల మీద ఎక్కించుకున్నాడు. పైకి పోతుంటే “ఈ కొండ మీద కాకి వాలదు చిన్నయ్యా, చూడండి” అన్నాడు. దారి పొడవునా నేను కాకుల కోసమే ఆకాశంలోకి చూస్తూ పోయాను. నిజంగానే ఒక్కటీ కనిపించలేదు.

గుండు అయింది. దర్శనం అయింది. అతని మొక్కేమిటో నాకు చెప్పలేదు. కొబ్బరికాయ కొట్టి, చాలాసేపు కళ్ళు మూసుకుని నిలబడ్డాడు, జనం తోసేస్తున్నా.

రాత్రి ప్రభలు వెలిగాయి. తాటిచెట్టుకన్నా ఎత్తు, నిండా కరెంటు దీపాలు, ఒకదాని పక్కన ఒకటి. మా ఊళ్ళో అప్పుడు కరెంటుంటే ఇంటికి రెండు బల్బులు. అన్ని దీపాలు ఒక్కచోట చూడటం నాకదే మొదలు. చలేస్తుందని తన తువ్వాలు తీసి నా గుండుకి చుట్టాడు. ఎవరిదో ఎడ్లబండి కింద చొప్ప పరుచుకుని పడుకున్నాం. పొద్దున్నే తగరపు కారు ఒకటి కొనిపెట్టాడు. తాత ఇచ్చిన డబ్బులు ఒక జేబులో, తనవి మొలలో. కారు మొలలోంచి కొన్నాడు. నేను చూశాను.

1983 ఉగాదికి అతను మానుకున్నాడు. తమ్ముడితో కలిసి రెండెకరాలు కౌలుకి తీసుకున్నాడట. తాత ఇంకో బస్తా ఇస్తానన్నాడు, తర్వాత రెండన్నాడు. “సొంతంగా చేసుకోవాలనుంది పెద్దయ్యా” అన్నాడు. తాత ఇక అడగలేదు. పండగరోజు దొప్పలో పచ్చడి తిని, లెక్క చూసుకుని వెళ్ళిపోయాడు. నేను ఏడ్చానని మా అమ్మ చెబుతుంది.

మర్నాడు పొద్దున లేచి సావిడిలోకి పోతే, అతను పేడ ఎత్తుతున్నాడు!

ఆ రోజూ, ఆ మర్నాడూ వచ్చాడు. ఏరు దాటి పొద్దు పొడవకముందే వచ్చి, చీకటి పడ్డాక పోయాడు. పెద్దెద్దుకి కుడితి పెట్టాడు, మెడ తడిమి చూశాడు. గొడ్ల మీద బెంగతో ఉండలేక వచ్చాడని నాకు అర్థమైంది. నా మీద కూడా అనుకున్నాను. రెండో రోజు సాయంత్రం చూరులోంచి పళ్ళెం, గ్లాసు తీసి, కడిగి, తొట్టి గట్టు మీద బోర్లించి వెళ్ళాడు.

ఈ కథ నేను బళ్ళో చెప్పాను. పెళ్ళయ్యాక మా ఆవిడకి చెప్పాను. మా అమ్మాయికి చిన్నప్పుడు నిద్రపుచ్చడానికి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఎడ్ల కోసం వెనక్కి వచ్చిన మనిషి కథ.

మా తాత తన ముక్కుపొడుం డబ్బీ ఖరీదు కూడా పద్దులో రాసుకునే మనిషి. దుందుభి పేజీలో కింద, మాఘ బహుళ చతుర్దశి నాడు రెండు లైన్లున్నాయి.

‘కోటప్పకొండ. అబ్బాయి బస్సు చార్జీలు, తలనీలాలు, కొబ్బరికాయ. ఇంటి ఖర్చు.’

‘పాలేరు నాగా 2.’

ఆ పక్క పేజీ పైన, కొత్త ఏడాది తలకట్టు కింద, మొదటి లైను:

‘విదియ, తదియ పనికి వచ్చినాడు. నాగా చెల్లు.’